పేజీ దాటే పట్టికలు: చేవెళ్ల, మొయినాబాద్ కార్యాలయాలకు బహిరంగ లేఖ

రంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి, చేవెళ్ల రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి, చేవెళ్ల, మొయినాబాద్ తహసీల్దార్లకు, పురపాలక కమిషనర్లకు, ఆ కార్యాలయాల్లో జాబితాలు టైపు చేసే కంప్యూటర్ ఆపరేటర్లకు:

విషయం: వర్డ్, రైటర్ వంటి సాఫ్ట్‌వేర్లలో పట్టిక ఒక పేజీ నుంచి మరో పేజీకి దాటేచోట పాటించవలసిన పద్ధతులు, పట్టికల స్టైళ్ల గురించి.

వర్డ్ ప్రాసెసర్‌లో పెట్టిన పట్టిక కూడా మామూలు పేరాల్లాగే పేజీ నిండగానే తర్వాతి పేజీలోకి జారిపోతుంది. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచినచోట తెంపేస్తుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కొత్తగా పెట్టిన ఏ పట్టికకైనా రెండు లక్షణాలు పుట్టుకతోనే వస్తాయి. ఏ అడ్డువరుసైనా మధ్యలో విరిగి సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడవచ్చు. నిలువువరుసల పేర్లుండే శీర్షిక వరుస మొదటి పేజీలో ఒక్కసారే కనబడుతుంది. నాలుగు వరుసల పట్టికకు దీనివల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు. నలభై పేజీల జాబితాకు మాత్రం ఇక్కడే చిక్కు మొదలవుతుంది.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో పొడవాటి జాబితాలకు కొదవలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలకు వర్తించింది. మొయినాబాద్ మండలంలోని చాలా ఊళ్లు, చేవెళ్ల మండలంలోని కొన్ని ఊళ్లు ఆ ఉత్తర్వు అనుబంధ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఊరి పేరు ఒక జాబితాలో ఉందా లేదా అన్నదాని మీద ఎకరం ధర, ఇంటి అనుమతి పాతికేళ్లకు పైగా ఆధారపడిన ప్రాంతమిది. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ పురపాలక సంఘాలయ్యాయి. వార్డులవారీ ఓటర్ల జాబితాలు, ఆస్తిపన్ను డిమాండు పట్టికలు వాటితోపాటే వచ్చాయి. అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సాగే 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారి విస్తరణలో వివాదమైన మర్రిచెట్లే సుమారు 900. చెట్టుకు ఒక వరుస చొప్పున, పేజీకి ముప్పై వరుసలు వేసుకున్నా ఆ ఒక్క జాబితాకే ముప్పై పేజీలు కావాలి.

ఇలాంటి జాబితాలన్నిటిలో భూసేకరణ ప్రకటనది ప్రత్యేక స్థానం. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షను ప్రకారం ప్రాథమిక ప్రకటనను గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, వెబ్‌సైటులో ప్రచురించాలి. స్థానిక భాషలో పంచాయతీ లేదా పురపాలక కార్యాలయంలో, కలెక్టరు, తహసీల్దారు కార్యాలయాల్లో కూడా పెట్టాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి 15వ సెక్షను ఇచ్చిన గడువు 60 రోజులు. ప్రకటనలో ముఖ్యభాగం పట్టికే: గ్రామం, సర్వే నంబరు, ఉపవిభాగం, భూమి రకం, పట్టాదారు పేరు, మొత్తం విస్తీర్ణం, సేకరించే విస్తీర్ణం. నోటీసు బోర్డు మీది ఇరవై పేజీలను ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవరు. తమ సర్వే నంబరున్న పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంటారు, వాట్సాప్‌లో అన్నదమ్ములకు పంపుతారు, వకీలుకు చూపిస్తారు. పదమూడో పేజీ ఒక్కటే ఊళ్లో తిరుగుతుంది. ఆ పేజీ మీద శీర్షికలు లేకపోతే పక్కపక్కనే ఉన్న రెండు అంకెల్లో ఏది మొత్తం భూమో, ఏది పోయే భూమో తేల్చుకోలేరు. అందుచేత ప్రభుత్వ పట్టికలో ప్రతి పేజీ విడిగా చూసినా అర్థమయ్యేట్టు ఉండాలి.

వరుసలను ఎంటర్ కొట్టి కిందికి నెట్టడం, కంట్రోల్-ఎంటర్‌తో తెంపడం, శీర్షికలను ప్రతి పేజీ పైన కాపీ చేసి అతికించడం చాలా కార్యాలయాల్లోనూ, జిరాక్స్ సెంటర్లలోనూ వాడుకలో ఉన్న ఉపాయాలు. ఆ పూట అచ్చు వేసేదాకా అవి బాగానే ఉంటాయి. మర్నాడు ఆరో పేజీలో మరచిపోయిన సర్వే నంబరొకటి చేరిస్తే చాలు, అతికించిన శీర్షికలన్నీ పేజీల నడుమకు జారిపోతాయి. ఫాంటు మారినా అంతే. కాగితం మారినా అంతే: ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు, లీగల్ కాగితం ఎత్తు దాదాపు 356. ఒకదానికి సరిపెట్టిన విరుపులు రెండోదానికి పనికిరావు. పేజీ ఎక్కడ తెగాలో చేత్తో చూపించే బదులు ఏవేవి విడిపోకూడదో పట్టికకు చెప్పిపెడితే, తెగే చోటును సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ తానే లెక్క వేసుకుంటుంది. ఈ లేఖలో మిగిలినదంతా ఆ చెప్పడం ఎలాగన్నదే.

ముందు శీర్షిక వరుస సంగతి. వర్డ్‌లో పై వరుసను ఎంచుకుని, పట్టికకు సంబంధించిన లేఅవుట్ ట్యాబులో ‘రిపీట్ హెడర్ రోస్’ నొక్కాలి. టేబుల్ ప్రాపర్టీస్‌లోని ‘రో’ ట్యాబులోనూ ఇదే సౌకర్యం ఉంది. అప్పటినుంచి పట్టిక ఎన్ని పేజీలు సాగినా ప్రతి పేజీ పైన అదే వరుస కనబడుతుంది. మార్పు చేయాలంటే మొదటి పేజీలో చేస్తే చాలు, మిగతా పేజీల్లో ఉన్నవి దాని ప్రతిరూపాలే. ప్రభుత్వ ప్రొఫార్మాల్లో శీర్షికల కింద 1, 2, 3 అని నిలువువరుసల సంఖ్యలుండే వరుస మరొకటి ఉంటుంది. విస్తీర్ణం కింద ఎకరాలు, గుంటలు అని చీలిక ఉంటే ఇంకొకటి చేరుతుంది. అలాంటప్పుడు ఆ రెండు మూడు వరుసలనూ కలిపి ఎంచుకుని ఒకేసారి నొక్కాలి. ఎంపికలో పట్టిక మొట్టమొదటి వరుస తప్పక ఉండాలి, నడుమ నుంచి మొదలుపెడితే వర్డ్ ఒప్పుకోదు. లిబ్రేఆఫీస్ రైటర్‌లో టేబుల్ ప్రాపర్టీస్‌లోని ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబులో ‘రిపీట్ హెడింగ్’ దగ్గర టిక్కు పెట్టి, ఎన్ని వరుసలో అంకె ఇవ్వాలి. గూగుల్ డాక్స్‌లో దీన్నే ‘పిన్ హెడర్ రో’ అంటారు.

నొక్కినా శీర్షిక రాకపోతే కారణాలు సాధారణంగా రెండే. ఒకటి, పట్టిక మధ్యలో ఎవరో కంట్రోల్-ఎంటర్ కొట్టి ఉంటారు. దానితో పట్టిక రెండు ముక్కలవుతుంది, రెండో ముక్కకు శీర్షిక లేదు. చేత్తో పెట్టిన విరుపు తర్వాత శీర్షిక తిరిగి రాదు. రెండోది, టేబుల్ ప్రాపర్టీస్‌లో ‘టెక్స్ట్ ర్యాపింగ్’ ‘ఎరౌండ్’ అని ఉండటం. పట్టికను మౌసుతో పట్టుకుని అటూ ఇటూ జరిపినప్పుడు ఇది తెలియకుండానే మారిపోతుంది. ‘నన్’ అని మారిస్తే శీర్షికలు తిరిగి వస్తాయి.

ఒకే పట్టికలో కనకమామిడి గ్రామ జాబితా ముగిశాక ఆలూరు గ్రామ జాబితా కొత్త పేజీలో మొదలవ్వాలనుకుంటే కంట్రోల్-ఎంటర్ అక్కర్లేదు. ఆలూరు మొదటి వరుసలోని పేరాకు, పేరాగ్రాఫ్ పెట్టెలోని ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ ట్యాబులో ‘పేజ్ బ్రేక్ బిఫోర్’ పెడితే ఆ వరుస ఎప్పుడూ కొత్త పేజీ తలన మొదలవుతుంది. పట్టిక ముక్క కాదు కనుక శీర్షికలు యథాప్రకారం వస్తాయి.

వరుస విరగకుండా ఆపడం తర్వాతి పని. పట్టిక మొత్తాన్ని ఎంచుకుని, టేబుల్ ప్రాపర్టీస్‌లోని ‘రో’ ట్యాబులో ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ ముందున్న టిక్కు తీసేయాలి. రైటర్‌లో ఇదే మాట ‘టెక్స్ట్ ఫ్లో’ కింద ఉంటుంది, గూగుల్ డాక్స్‌లో ‘అలౌ రో టు ఓవర్‌ఫ్లో అక్రాస్ పేజెస్’ అని ఉంటుంది. టిక్కు తీసేస్తే, పేజీ చివర చోటు చాలని వరుస మొత్తంగా తర్వాతి పేజీకి వెళ్తుంది. పట్టాదారు పేరు ఇక్కడ, తండ్రి పేరు అక్కడ పడే అవస్థ తప్పుతుంది. ఉమ్మడి ఖాతాల్లో ఒక్క గడిలోనే ఆరేడు పేర్లుంటాయి కాబట్టి ఈ జాగ్రత్త రెవెన్యూ జాబితాలకు మరీ అవసరం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. రిమార్కుల గడిలో కోర్టు కేసు చరిత్రంతా రాసిన పట్టికలో ఒక్కో వరుస అరపేజీ తినేస్తుంది. అలాంటిదానికి విరుపు నిషేధిస్తే పేజీలు సగం సగం ఖాళీగా మిగులుతాయి. అక్కడ వరుసను విరగనివ్వడమే నయం. ఇంకా నయమైనది రిమార్కులను పట్టికలోంచి తీసి, కింద వరుస సంఖ్యతో విడిగా రాయడం. గడి అంటే అంకెకో, పేరుకో, చిన్న మాటకో చోటు. పేరాలు పేరాలుగా రాసేందుకు అది అనువైనది కాదు.

మూడోది ‘కీప్ విత్ నెక్స్ట్’. ఇది పట్టిక లక్షణం కాదు, పేరా లక్షణం. అందువల్లే చాలామందికి కంటబడదు. ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ ట్యాబులోనే ఉంటుంది. ఒక వరుసలోని పేరాలకు దీన్ని పెడితే ఆ వరుస కింది వరుసతో కలిసే ఉంటుంది. పట్టిక పైన రాసే ‘అనుబంధం-2: సేకరించే భూముల వివరాలు’ వంటి పేరుకు పెడితే, పేరు పేజీ అడుగున ఒంటరిగా మిగిలి పట్టిక తర్వాతి పేజీలో మొదలవడం జరగదు. ‘మొత్తం’ వరుసకు ముందున్న రెండు వరుసలకు పెడితే ‘మొత్తం’ అన్న ఒక్క వరుస చివరి పేజీలో ఏకాకిగా పడదు. పది పన్నెండు వరుసల చిన్న పట్టిక ఒకే పేజీలో ఉండాలంటే చివరి వరుసను వదిలేసి మిగతా వరుసలన్నిటినీ ఎంచుకుని పెట్టాలి. చివరిదానికీ పెడితే పట్టిక తన కిందున్న పేరాను కూడా పట్టుకుని లాగుతుంది. రైటర్‌లో చిన్న పట్టికకు ఇంత పని లేదు, ‘అలౌ టేబుల్ టు స్ప్లిట్’ టిక్కు తీసేస్తే పట్టిక అంతా ఒకేచోట ఉంటుంది. నలభై పేజీల జాబితా మొత్తానికి మాత్రం కీప్ విత్ నెక్స్ట్ పెట్టకూడదు. అన్నీ అన్నిటితో కలిసి ఉండాలంటే ఏ సాఫ్ట్‌వేరూ మాట నిలబెట్టుకోలేదు.

రెవెన్యూ పట్టికల్లో అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది నిలువుగా కలిపిన గడి. ముడిమ్యాల గ్రామానివి అరవై సర్వే నంబర్లుంటే, గ్రామం గడులు అరవైనీ ‘మెర్జ్ సెల్స్’తో ఒకటిగా కలిపి మధ్యలో ఊరి పేరు రాయడం అందంగా కనిపించే పద్ధతి. ఆ గడి మూడు పేజీలు సాగితే ఊరి పేరు ఒక్క పేజీలోనే కనబడుతుంది. మిగతా రెండు పేజీల్లో గ్రామం గడి ఖాళీ. ఫొటో తీసుకున్న రైతుకు, అందులోని 112వ సర్వే నంబరు ఏ ఊరిదో తెలియదు. పక్క ఊళ్లోనూ 112 ఉండవచ్చు. పైగా నిలువుగా కలిపిన గడులున్న పట్టికలో వరుసలను విడిగా ఎంచుకోవడం, క్రమంలో పేర్చడం, మాక్రోలతో పనిచేయించడం కూడా మొరాయిస్తాయి.

దీనికి రెండు మార్గాలున్నాయి. ప్రతి వరుసలోనూ ఊరి పేరు రాయడం మొదటిది. చూడటానికి మొరటుగా ఉన్నా ఏ వరుసనైనా విడిగా చదువుకోవచ్చు, ఎక్సెల్‌లోకి తీసుకుపోయి లెక్క కట్టుకోవచ్చు. రెండోది, ఊరికొక పట్టిక పెట్టి, పైన ఊరి పేరును ‘హెడింగ్ 2’ స్టైల్‌లో రాయడం. ఈ రెండో పద్ధతిలో ఇంకో లాభం దాగి ఉంది. వర్డ్‌లో ఇన్సర్ట్ ట్యాబులోని క్విక్ పార్ట్స్‌లో ‘ఫీల్డ్’ తెరిచి, ‘స్టైల్‌రెఫ్’ ఎంచుకుని, దానికి హెడింగ్ 2 చూపించి పేజీ పైభాగపు హెడర్‌లో పెడితే, ఆ పేజీలో నడుస్తున్న ఊరి పేరు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. పేజీ మారి, ఊరు మారితే హెడరూ మారుతుంది. దాని పక్కనే ‘13 / 42’ అని పేజీ సంఖ్యా, మొత్తం పేజీల సంఖ్యా ఉంటే, ఊళ్లో తిరిగే ఆ ఒక్క కాగితం తానెక్కడిదో తానే చెప్పుకుంటుంది.

తెలుగు పట్టికలకు మరో ఇబ్బంది ఉంది. వరుస ఎత్తును ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి, అందులో తెలుగు రాస్తే ఒత్తులు తెగిపోతాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తులో ‘క్ష్మి’, ‘స్త్రీ’, ‘ర్జా’ ఇమడవు. కింద ఒత్తు, పైన గుడి రెండూ చోటడుగుతాయి. లక్ష్మి, మీర్జాగూడ వంటి పేర్లు సగం అరిగిన రబ్బరు స్టాంపు ముద్రల్లా కనబడటానికి కారణం ప్రింటరు కాదు, ఆ బిగింపు. వరుస ఎత్తును ‘ఎట్ లీస్ట్’ అని ఇవ్వాలి. పేరాలోని లైన్ స్పేసింగ్‌కూ ఇదే సూత్రం. గౌతమి, వాణి, నిర్మలా యూఐ వంటి ఫాంట్లలో ఒకే సైజు అక్షరానికి పట్టే ఎత్తు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కనుక, ఒక కంప్యూటర్లో ఇరవై ఎనిమిది వరుసలు పట్టిన పేజీలో మరో కంప్యూటర్లో ఇరవై ఐదే పట్టవచ్చు. పీడీఎఫ్ చేసి పంపితే ఆ తేడా రాదు.

స్టైళ్ల దగ్గర కూడా తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే తికమక ఒకటుంది. వర్డ్ దృష్టిలో తెలుగు ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’. స్టైల్‌లో మామూలు ఫాంటు, సైజు, బోల్డు మార్చినా అవి ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు వర్తించి తెలుగును వదిలేస్తుంటాయి. ఫాంటు పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అన్న విడి భాగం ఉంటుంది. తెలుగుకు కావలసిన ఫాంటు, సైజు అక్కడ ఇవ్వాలి. రైటర్‌లో భాష సెట్టింగుల్లో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ను ఆన్ చేస్తేనే ఆ భాగం కనబడుతుంది. పేజీమేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ల సంగతి వేరే. అవి యూనికోడ్ కావు. వాటిలోంచి పేర్లను నేరుగా పట్టికలోకి తెస్తే అర్థంలేని గుర్తులొస్తాయి, మార్పిడి చేసుకుని తేవాలి.

వర్డ్‌లో పట్టిక రూపాన్ని శాసించేవి రెండు రకాల స్టైళ్లు. గీతలు, రంగులు, శీర్షిక వరుసకు ముదురు నీడ, ఒకటి విడిచి ఒకటి లేతరంగు వరుసలు టేబుల్ స్టైల్ చేతిలో ఉంటాయి. గడుల్లోని అక్షరాల తీరు, పేజీ విరుపులకు సంబంధించిన కీప్ విత్ నెక్స్ట్ వంటివి పేరాగ్రాఫ్ స్టైల్ చేతిలో ఉంటాయి. ఫాంటు సైజును టేబుల్ స్టైల్‌లో పెట్టినా, నార్మల్ స్టైల్‌ను ఎవరైనా మార్చి ఉంటే ఒక్కోసారి నార్మల్‌దే పైచేయి అవుతుంది. ఈ తగవు రాకుండా ఉండాలంటే గీతలు, రంగులు టేబుల్ స్టైల్‌కు, అక్షరాలు పేరాగ్రాఫ్ స్టైల్‌కు అప్పగించడమే మంచిది. ‘పట్టిక శీర్షిక’, ‘పట్టిక గడి’, ‘పట్టిక అంకె’, ‘పట్టిక మొత్తం’ అని నాలుగు పేరాగ్రాఫ్ స్టైళ్లు చేసుకుంటే ఏ జాబితాకైనా సరిపోతాయి. రైటర్‌లో ‘టేబుల్ హెడింగ్’, ‘టేబుల్ కంటెంట్స్’ అనే రెండు పేరా స్టైళ్లు ముందే ఉంటాయి.

రంగుల విషయంలో సంయమనం అవసరం. కార్యాలయ ప్రింటర్లు ఎక్కువగా నలుపు-తెలుపువి. నోటీసు ఇంకో నాలుగుసార్లు జిరాక్స్ అవుతుంది. ముదురు నీలం శీర్షికలో తెల్లక్షరాలు మూడో జిరాక్స్‌కే నల్లని పట్టీ అయి కూర్చుంటాయి. లేత బూడిద రంగు, బోల్డు అక్షరాలు, సన్నని నల్లగీత చాలు.

‘పట్టిక అంకె’ స్టైల్ విడిగా ఎందుకంటే, తెలంగాణ భూముల కొలత ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం. 1.30 అని రాస్తే అది ఒకటీ ముప్పై వందలవంతుల ఎకరం కాదు, ఎకరం ముప్పై గుంటలు. అలాంటివి రెండు కలిపితే మూడెకరాల ఇరవై గుంటలు. వర్డ్‌లోని సమ్ ఫార్ములా మాత్రం వాటిని మామూలు దశాంశాల్లాగే కలుపుతుంది. 3.5 అని రాస్తే మూడెకరాల ఐదు గుంటలా, మూడున్నర ఎకరాలా అన్న తగాదా మిగులుతుంది. మూడున్నర అంటే మూడెకరాల ఇరవై గుంటలు. తేడా పదిహేను గుంటలు, ఈ ప్రాంతంలో అది చిన్న మాట కాదు. ఎకరాలకు ఒక నిలువువరుస, గుంటలకు ఒకటి పెట్టి, రెంటినీ కుడివైపు సర్ది, గుంటల మొత్తాన్ని 40తో భాగించి ఎకరాల్లోకి ఎక్కించడమే సరైన పద్ధతి. వేల వరుసలున్న జాబితా అయితే లెక్కంతా ఎక్సెల్‌లోనే చేయడం మేలు. అక్కడ ప్రతి పేజీ మీద శీర్షికలు రావాలంటే పేజ్ లేఅవుట్‌లో ‘ప్రింట్ టైటిల్స్’ తెరిచి, ‘రోస్ టు రిపీట్ ఎట్ టాప్’ దగ్గర శీర్షిక వరుసలను చూపించాలి.

వరుస సంఖ్యలను చేత్తో టైపు చేయకుండా ఆటోమేటిక్ నంబరింగ్ పెడితే మధ్యలో వరుస చేరినా తీసేసినా సంఖ్యలు సర్దుకుంటాయి. కానీ జాబితా ఒకసారి ప్రచురించాక ఆ సంఖ్యల ఆధారంగానే అభ్యంతరాలు వస్తాయి. కాబట్టి ప్రకటించిన జాబితాను సవరించేటప్పుడు పాత సంఖ్యలు కదలకూడదు, కొత్త వరుసకు 45-ఎ అని ఇవ్వాలి.

పది పన్నెండు నిలువువరుసలున్న పట్టికకు నిలువు పేజీ చాలదు. ఆ పట్టిక ఒక్కదానికే అడ్డం పేజీ కావాలంటే వర్డ్‌లో దాని ముందూ వెనుకా సెక్షన్ బ్రేక్ పెట్టి, ఆ సెక్షన్‌ను ల్యాండ్‌స్కేప్ చేయాలి. రైటర్‌లో విరుపు పెట్టేటప్పుడే అడ్డం పేజీ స్టైల్‌ను ఎంచుకోవచ్చు. పట్టిక సరిగ్గా పేజీ చివర ముగిసినప్పుడు వెనకాల తెల్లకాగితం ఒకటి ఊరికే అచ్చవుతుంటుంది. పట్టిక తర్వాత వర్డ్ తప్పనిసరిగా ఉంచే ఖాళీ పేరా దానికి కారణం. ఆ పేరాను చెరపడం కుదరదు. ఫాంటు సైజు 1కి తగ్గించి, లైన్ స్పేసింగును, ముందూ వెనుకా ఖాళీని కూడా తగ్గిస్తే ఆ కాగితం ఆదా అవుతుంది.

శీర్షిక వరుసను లక్షణంగా గుర్తించడం అచ్చుకు మాత్రమే కాదు, చూపులేనివారికీ పనికొస్తుంది. ఆ ఫైలును ట్యాగులతో పీడీఎఫ్ చేసినప్పుడు, తెరమీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ప్రతి గడి దగ్గరా అది ఏ శీర్షిక కిందిదో చెప్పగలుగుతుంది. బోల్డు చేసి, రంగు వేసి, లక్షణం పెట్టని వరుస దానికి మామూలు వరుసే. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటున్నది. అచ్చు తీసి సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టే బొమ్మ పీడీఎఫ్‌లో ఇవేవీ మిగలవు. అందులో సర్వే నంబరు వెతుక్కోవడం కూడా కుదరదు. సంతకం చేసిన ప్రతితోపాటు అసలు ఫైలు నుంచి నేరుగా చేసిన పీడీఎఫ్‌నూ పెట్టవచ్చు.

ఇవన్నీ ప్రతి జాబితాకూ కొత్తగా చేయవలసిన పనులు కావు. నాలుగు స్టైళ్లు, ఒక టేబుల్ స్టైల్, తిరిగి వచ్చే శీర్షికలతో, విరగని వరుసలతో ఖాళీ పట్టిక ఒకటి, ఊరి పేరు తెచ్చుకునే హెడరు, పేజీ సంఖ్యలు ఉన్న ఫైలును ఒక్కసారి తయారుచేసి, వర్డ్‌లో డాట్‌ఎక్స్ టెంప్లేటుగానో, రైటర్‌లో ఓటీటీ టెంప్లేటుగానో దాచితే చాలు. వర్డ్‌లో ఖాళీ పట్టికను ‘క్విక్ టేబుల్స్’ గ్యాలరీలోకి ఎక్కించుకునే వీలూ ఉంది. తయారుచేసే పని ఒక ఆపరేటరుకు ఒక పూట పడుతుంది. ఏ ఫీల్డు ఎక్కడుందో తెలియని కొత్త ఆపరేటరు కూడా ఆ ఫైలు తెరిచి గడులు నింపుకుంటూ పోతే జాబితా సరిగ్గానే వస్తుంది.

రెండు మండలాల రెవెన్యూ కార్యాలయాలు, రెండు పురపాలక సంఘాలు ఒకే టెంప్లేటు వాడేలా జిల్లా స్థాయిలో ఒక ఫైలును ఖరారు చేసి పంపాలనీ, భూసేకరణ, ఆస్తిపన్ను, ఓటర్ల జాబితాల వంటివి నోటీసు బోర్డుకు ఎక్కేముందు సంతకం చేసే అధికారి ప్రింట్ ప్రివ్యూలో రెండో పేజీనీ, చివరి పేజీనీ తెరిచి చూడాలనీ మనవి. శీర్షికలు తప్పినా, ‘మొత్తం’ వరుస ఒంటరిగా పడినా ఆ రెండు పేజీల్లోనే బయటపడతాయి.